కుటుంబ పెద్ద: తిహోమిర్

మా ఆవిడ ఫోను ఐవార్ పచ్చడి గంగాళంలో పడ్డప్పుడు నేను ముందు ఐవార్ గురించే కంగారుపడ్డాను. కాల్చి తోలు తీసిన ఎర్ర మిరపకాయల గుజ్జు పెరట్లో పొద్దుటి నుంచి ఉడుకుతోంది. బిల్యానా వంగి చెక్క గరిటెతో తిప్పుతుంటే ఆమె ఏప్రాన్ జేబులోంచి ఫోను జారి, చప్పుడు కూడా చెయ్యకుండా మెల్లగా మునిగిపోయింది. గరిటెతో తోడి పైకి తీసేసరికి దాని పని అయిపోయింది. పైపైన తీసేసి మిగతాది సీసాలకెత్తుదామని నేనన్నాను. బిల్యానా నావైపు ఒక చూపు చూసి గంగాళం మొత్తం చెత్తలో పారబోసింది. ఒక పాత ఫోను, ఒక గంగాళం ఐవార్. నష్టం అంతటితో సరి అనుకున్నాను.

అసలు నష్టం మర్నాడు బయటపడింది.

మాకు ఒక్కతే కూతురు, నెవేనా. పదమూడేళ్ళది. దాని ఫోను తాళాలన్నీ బిల్యానా ఫోనులో ఉండేవి. రోజుకి ఎంతసేపు వాడాలి, సాయంత్రం ఎప్పుడు మూతపడాలి, ఏ యాప్ దించుకోవచ్చు, ఏది కూడదు, అన్నీ తల్లి వేలి కింద నడిచేవి. అన్నిటికంటే ముఖ్యమైనది పటం మీద ఒక నీలం చుక్క. పిల్ల ఎక్కడుంటే చుక్క అక్కడ ఉంటుంది. మా ఊరు లెస్కోవాత్స్ బజారు వీధిలో నాకు కట్టెల పొయ్యిల దుకాణం ఉంది. బేరం మధ్యలో కూడా ఇంటికి ఫోన్ చేసి "చుక్క ఎక్కడ?" అని అడిగేవాణ్ణి. "బళ్ళో" అనేది బిల్యానా. లేకపోతే "బేకరీ దగ్గర, ఏదో తింటోంది" అనేది. ఆ ఒక్క మాట వింటే బేరంలో నా గొంతు నిలకడగా ఉండేది. సరుకు గోదాములో భద్రంగా ఉందని తెలిసినవాడి గొంతుకీ, తెలియనివాడి గొంతుకీ తేడా ఉంటుంది. గిరాకీ ఆ తేడా పసిగడతాడు.

కొత్త ఫోను కొన్నాం. అది పాస్‌వర్డ్ అడిగింది.

"నెవేనా పుట్టినరోజు, తర్వాత కుక్క పేరు," అంది బిల్యానా.

"ఏ కుక్క? ఇప్పటిదా, లారీ కింద పడ్డదా?"

"పడ్డదే. కాదు, ఉండు... ఇప్పటిదేమో."

కుక్కలు రెండూ అయిపోయాయి. పిల్లి పేరు కొట్టాం. మా అత్తగారి పేరు కూడా కొట్టాం. చివరికి ఫోను మా మీద విసుగెత్తి, ఇక ప్రయత్నించవద్దంది. బిల్యానా కొత్త ఖాతా తెరిచింది. అందులో అన్నీ ఉన్నాయి, కూతురు తప్ప.

నెవేనా ఫోను పట్టుకుని, వీధి చివర ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"దీన్ని మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టెయ్యమ్మా."

"తుడిచినా మళ్ళీ ఇదే తాళం అడుగుతుంది బాబాయ్. తాళం ఫోనుకి కాదు, పాప ఖాతాకి. ఇంకో ఫోను కొన్నా అంతే. కుటుంబ పెద్ద అని ఒకరుంటారు, ఆయన లోపలికి పిలిస్తేనే పిన్ని కొత్త ఖాతా అందులోకి వస్తుంది. పెద్ద ఎవరు?"

"ఎవరేంటి? నేనే, బ్లగోయె."

ఆమె తెర నావైపు తిప్పింది. "ఇక్కడ తిహోమిర్ అని ఉందే?"

నా వెనక నిలబడ్డ మాంసం కొట్టు ఆసామి నవ్వాపుకోలేక దగ్గాడు. మా వీధిలో ఆ పేరు తెలియనివాడు లేడు. ఆ పేరు నా ముందు ఎవరూ ఎత్తరన్న సంగతి తెలియనివాడూ లేడు.

తిహోమిర్ నా కుమ్. మా పెళ్ళిలో నా పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, నెవేనా జ్ఞానస్నానంలో పిల్లని చేతుల్లోకి అందుకున్నవాడు. మావైపు కుమ్ మాటకి తోడబుట్టినవాడి మాట కన్నా బరువెక్కువ. నెవేనాకి పదేళ్ళు నిండినప్పుడు ఆ ఫోను కొనిచ్చింది అతనే. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని వివరాలన్నీ అతనే నింపాడు. "కుటుంబ పెద్ద ఎవరని అడుగుతోంది, ఇలా వచ్చి నీ వివరాలు కొట్టు" అన్నాడు. నేను పంది మాంసం కోస్తున్నాను, చేతులు జిడ్డుగా ఉన్నాయి. "నీ పేరే పెట్టెయ్. కుమ్ అయితే ఏంటి, నేనైతే ఏంటి?" అన్నాను. అప్పట్లో దుకాణం బోర్డు మీద కూడా మా ఇద్దరి పేర్లూ ఉండేవి.

ఆ తర్వాత వీధికి అవతల ఒక దుకాణం ఖాళీ అయితే అతను తీసుకున్నాడు. అవే పొయ్యిలు, అదే కంపెనీ. నా దగ్గర గంటసేపు బేరమాడినవాడు వీధి దాటితే చాలు, తిహోమిర్ అదే ధరకి పొయ్యితోపాటు పొగగొట్టం మోచేయి, అంటే గొట్టం వంపు ముక్క, ఊరికే చేతిలో పెట్టేవాడు. మాటలు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. అతని గుమ్మం కంటపడకుండా నా అద్దాల వెనక పొయ్యిలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. దానివల్ల పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తోంది. ఆ కరెంటు కూడా మనసులో అతని లెక్కలోనే రాసుకున్నాను.

"ఒక్క ఫోన్ కొట్టు," అంది బిల్యానా.

"వాడే కొట్టాలి."

"అతనికి అవసరం లేదుగా!"

"అందుకే నేను కొట్టను."

ఫోను తాళాల వరకే అయితే ఓర్చుకునేవాణ్ణి. నెవేనా ఊరి నాట్య బృందంలో, చేతులు పట్టుకుని వలయంగా ఆడే కోలో ఆడుతుంది. నవంబరులో బృందం బస్సులో గ్రీసులోని థెస్సలోనికి వెళ్ళి అక్కడి ఉత్సవంలో ఆడాలి. పిల్లలు సరిహద్దులు దాటాలంటే తల్లీ తండ్రీ నోటరీ ముందు సంతకాలు పెట్టాలి. బిల్యానా పెట్టేసింది. నా సంతకం నా దగ్గరే ఉంది.

"చుక్క కనబడ్డ రోజు సంతకం," అన్నాను.

నెవేనా జడ విప్పుకుంటూ నావైపు తిరిగింది. "నాన్నా, నీకు కావాల్సింది నేనా, చుక్కా?"

"రెండు సరిహద్దులు దాటి వేరే దేశం వెళ్తున్నావు. ఎక్కడున్నావంటే హోటల్లో ఉన్నా అంటావు. నేనెలా నమ్మాలి?"

"నమ్మకపోతే రానివ్వవు. నమ్మడం రాదు. మరి నేనేం చెయ్యాలి?"

"చుక్క వచ్చేదాకా ఆగు."

"అయితే ఇవాళ్టి నుంచి చుక్కకే అన్నం పెట్టు." తలుపు దభాలున వేసుకుంది. ఆ రోజు నిజంగానే తినలేదు.

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఒకాయనకి పొయ్యి కంటే సన్నటి గొట్టం అంటగట్టాను. మర్నాడు మొహమంతా మసితో వచ్చి నన్ను తిట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం దుకాణం మూసి బడి వైపు నడిచేవాణ్ణి. పత్రికల బంకు వెనక నిలబడి పిల్ల బయటికి రావడం చూసి, చూడనట్టు తిరిగొచ్చేవాణ్ణి. రెండోసారే దొరికిపోయాను.

"నెవేనా, మీ నాన్న మళ్ళీ వచ్చాడే!" అని దాని స్నేహితురాలు వీధంతా వినబడేలా అరిచింది. "పొయ్యి ఏమైనా తప్పిపోయిందేమో అడుగు!"

నెవేనా నా పక్కనుంచే వెళ్ళింది, తల తిప్పకుండా.

ఒక సాయంత్రం మూతపడాల్సిన వేళ దాటాక కూడా దాని ఫోను వెలుగుతూ కనబడింది.

"మూతపడలేదేం?"

"తెరుచుకుంది."

"ఎవరు తెరిచారు?"

"ఇంకాసేపు కావాలని అడిగా. తెరుచుకుంది." అని దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

వంటింట్లోకి వెళ్ళి బిల్యానాని అడిగాను. "అది ఎప్పుడూ అంతే," అంది గిన్నెలు కడుగుతూ. "నా ఫోను బాగున్నప్పుడు కూడా అంతే. అది అడిగినట్టు నాకు వచ్చేది, నేను చూసేసరికే ఇచ్చేసి ఉండేది. యంత్రమే ఇస్తుందనుకున్నా."

యంత్రాలు ఊరికే ఇవ్వవు. అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేవాణ్ణి ఈ ఊళ్ళో నేను ఒక్కణ్ణే ఎరుగుదును. వీధి అవతల పొగగొట్టం మోచేతులు పంచుతుంటాడు.

ఆ సంగతి తట్టాక ఇంకా అస్థిమితం పట్టుకుంది. నాకు కనబడని చుక్క వాడికి కనబడుతోంది. నా పిల్ల బేకరీ దగ్గర ఉందో, నది దగ్గర ఉందో తెలుసుకోవాలంటే నేను వీధి దాటి వాణ్ణి అడగాలి. పేర్చిన పొయ్యిల సందులోంచి అవతలికి చూడటం మొదలుపెట్టాను. వాడు గుమ్మంలో ఫోను చూసుకుంటుంటే, ఇప్పుడు దాన్నే చూస్తున్నాడా అని నా చేతులు ఊరికే ఉండేవి కావు. గొట్టాలు సర్దినవే సర్దేవాణ్ణి.

"శుక్రవారం సెయింట్ లూకా," అంది బిల్యానా.

మావైపు ప్రతి ఇంటికీ ఒక సెయింటు, ఆయన రోజున ఆ ఇంట్లో పండగ. దానికి పిలుపులుండవు. వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపడమూ ఉండదు. తిహోమిర్ ఇంటి సెయింటు లూకా. రెండేళ్ళుగా మేం వెళ్ళలేదని ఊరంతా గుర్తుపెట్టుకుంది. నేను లెక్క వేశాను. ఫోన్ చేస్తే తిహోమిర్ దగ్గరికి వెళ్ళినట్టు. పండక్కి వెళ్తే సెయింట్ లూకా దగ్గరికి వెళ్ళినట్టు. ఆయనతో నాకేం పేచీ లేదు.

మంచి వైను సీసా ఒకటి పట్టుకుని ముగ్గురం బయలుదేరాం. దారిలో రెండుసార్లు ఏదో మర్చిపోయానని వెనక్కి తిరగబోయాను. రెండోసారి బిల్యానా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తలుపు తిహోమిరే తీశాడు. కొత్త చొక్కా, నున్నగా గీసిన గడ్డం. నన్ను చూశాడు, సీసా చూశాడు, నెవేనాని చూశాడు. నెవేనా నేల చూసింది.

"రా కుమే," అన్నాడు. "సెయింటు నిన్ను అడుగుతూనే ఉన్నాడు."

అతని భార్య ఒలివేరా అక్రోటు, పంచదార కలిపిన గోధుమలు పళ్ళెంలో తెచ్చింది. శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తిన్నాను. శుక్రవారం కాబట్టి బల్ల మీద మాంసం లేదు. చేపలు, చిక్కుడు గింజలు, రొట్టె. దేవుడి పటం ముందు పెద్ద మైనపు కొవ్వొత్తి వెలుగుతోంది. పండగ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ నిలబడే ఉండాలి. అదొక ఇబ్బంది. మన గ్లాసులో రాకియా సారా పోస్తూ నిలబడ్డవాడితో, కింద కూర్చుని తల ఎత్తి పోట్లాడటం ఎవడికీ సాధ్యం కాదు.

"పొయ్యిలు ఎలా పోతున్నాయి కుమే?"

"పోతున్నాయి. నువ్వు మోచేతులు ఊరికే పంచకపోతే ఇంకాస్త పోయేవి."

"మోచెయ్యి లేకపోతే పొగ ఇంట్లోకొస్తుంది మరి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాను. "నా కూతురి ఫోనులో కుటుంబ పెద్దవి నువ్వటగా?"

"నువ్వే పెట్టమన్నావు. గొర్రె మాంసం కోస్తున్నావు అప్పుడు."

"పంది మాంసం."

"సరే, పందే."

దేవుడి పటం కింద సొరుగులోంచి ఒక పాత ఫోను తీశాడు. మూల పగిలిన అద్దం, అయినా నిండా ఛార్జింగు ఉంది. నా ముందు పెట్టాడు. నెవేనా అడిగిందల్లా అందులో వరసగా ఉంది. ఇంకాసేపు కావాలి. ఇచ్చాడు. కొత్త పాటల యాప్ కావాలి. ఇచ్చాడు. ఇంకాసేపు. ఇచ్చాడు. ఎంత జరిపినా అడుగు రావడం లేదు. మా ఇంట్లో నేను చిల్లరగా, ముక్కు పిండి ఇచ్చే సమయాన్ని నా కూతురు ఇక్కడ టోకున తెచ్చుకుంటోంది.

"పరీక్షలప్పుడు ఇవ్వలేదు," అన్నాడు తిహోమిర్. "కావాలంటే చూసుకో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎప్పుడు ఆపాను గనక?"

నెవేనా వైపు చూశాను. చేపముల్లు తియ్యడంలో మునిగిపోయి ఉంది.

ఒలివేరా రొట్టె ముక్కలు పెడుతూ, "అడిగినవి ఇస్తే ఇచ్చాడులే బ్లగోయె," అంది. "ఆ మంచు రోజు మాత్రం నన్ను హడలగొట్టాడు. కొండమీద చుక్క కదలట్లేదని, తింటున్న కంచం వదిలేసి లారీ తీశాడు. పిల్లల్ని తెచ్చేదాకా నాకు ప్రాణం లేదు."

"ఏ మంచు రోజు?"

బిల్యానా నెమ్మదిగా నెవేనా వైపు తిరిగింది. పోయిన చలికాలం కొండమీది ఊళ్ళో నాట్యం ఆడి వస్తుంటే వ్యాను మంచులో దిగబడిపోయింది. నాట్యం మాస్టారి తమ్ముడు వచ్చి ఇంటి దగ్గర దింపాడని మాతో చెప్పింది. ఆ రోజు బిల్యానా ఫోను ఛార్జింగులో ఉంది. నేను దుకాణంలో ఒక పొయ్యి అమ్ముతున్నాను. లాభానికే అమ్మాను, ఇప్పటికీ గుర్తుంది.

"మాస్టారి తమ్ముడా?" అన్నాను.

"కుమ్ పేరు చెప్తే అరుస్తావు," అంది నెవేనా ముల్లు పక్కన పెట్టి. "వ్యానులో ఎనిమిదిమందిమి ఉన్నాం నాన్నా. నీ అరుపు కన్నా చలే నయం అనిపించింది."

పండగ ఇంట్లో గొంతెత్తకూడదు కాబట్టి నా మోకాలు బల్ల కింద దానంతటదే ఆడుతోంది. గ్లాసులు సన్నగా మోగుతున్నాయి.

"ఆ పెద్దరికం నా పేరుకి మార్చు," అన్నాను. "ఇప్పుడే."

"మారదు. మనం పోట్లాడుకున్న వారమే చూశాను. పిల్ల పెద్దదయ్యేదాకా పెద్ద మారడు. దారులు రెండే. మీ ఇద్దర్నీ నేను లోపలికి పిలవడం ఒకటి." ఫోను మీద వేలితో ఏదో జరిపి నావైపు పెట్టాడు. "ఇది రెండోది."

అడుగున ఎర్ర అక్షరాలు ఉన్నాయి: కుటుంబాన్ని తొలగించు.

"ఇది నొక్కితే నేను పోతాను," అన్నాడు. "దాని ఖాతా కూడా పోతుంది. ఫొటోలు, నాట్యం వీడియోలు, అన్నీ. తర్వాత నీ పేరున కొత్తది పెట్టుకోవచ్చు. నొక్కాలనుంటే నువ్వు నొక్కు కుమే. నేను నొక్కను."

"లూకా పండగ పూట!" అని ఒలివేరా శిలువ గుర్తు వేసుకుంది.

నెవేనా తల ఎత్తి నన్నే చూస్తోంది. అడగడం లేదు, ఏడవడం లేదు. నేనెంత అంటానో ముందే తెలిసిన గిరాకీ చూసే చూపు అది.

లెక్క తేలిగ్గానే ఉంది. నొక్కితే నా ఇంటికి నేనే పెద్దని. చుక్క నాకొక్కడికే కనబడుతుంది. ఇకనుంచి పిల్లకి కొట్టు ఒక్కటే, నాది. ప్రతిదానికీ ధర అడిగే కొట్టు. మళ్ళీ ఎక్కడో వ్యాను మంచులో దిగబడితే, ఆ వేళకి నేను ఏ బేరంలో ఉంటానో. వేలు ఎర్ర అక్షరాల దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి తీసుకున్నాను.

"నా వేళ్ళకి చేప జిడ్డు," అన్నాను. "నువ్వే కానియ్. మమ్మల్ని లోపలికి పిలు."

తిహోమిర్ వెంటనే ఫోను లాక్కున్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటానో అన్నట్టు. కాసేపటికి బిల్యానా ఫోను మోగింది, తర్వాత నాది. నా ఫోనులో పటం తెరుచుకుంది. నీలం చుక్క తిహోమిర్ ఇంటి కప్పు మీద ఉంది. మా చుక్కలూ అక్కడే ఉన్నాయి, అతనిదీ అక్కడే ఉంది. ఏది ఎవరిదో తెలియకుండా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సోమవారం నోటరీ దగ్గర సంతకం పెట్టాను.

బస్సు వెళ్ళిన రోజు దుకాణం పెందరాళే తెరిచాను. చుక్క వ్రాన్యె దాటింది. మాకెదోనియాలోకి దిగింది. స్కోప్యె పక్కనుంచి కిందికి జారుతూ పోయింది. ఒక మనిషి వచ్చి పెద్ద పొయ్యి తలుపు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూస్తున్నాడు. నేను అతనికి బూడిద అర చూపిస్తూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాను. గ్రీసు సరిహద్దు దగ్గర చుక్క ఆగిపోయింది.

వేలితో తట్టాను. ఫోను ఊపాను. కదల్లేదు.

"ధరెంత అన్నావు?" అన్నాడు గిరాకీ.

"ఒక్క నిమిషం." పొయ్యిల వెనక సిగ్నల్ లేదేమోనని గుమ్మంలోకి వచ్చాను. వీధి అవతల తిహోమిర్ తన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. పగిలిన పాత ఫోను ఆకాశం వైపు పట్టుకుని ఉన్నాడు.

"నీకూ ఆగిందా?" అని అరిచాడు.

"ఆగింది! ఎంతసేపైంది?"

"ఇప్పుడే. అక్కడ నెట్టు మారుతుందిలే. బళ్ళ వరస కూడా ఉండుంటుంది."

"ఉండుంటుంది." రెండడుగులు వేసి రోడ్డు మధ్యకి వచ్చాను. "లారీలో డీజిల్ ఉందా?"

"నిన్ననే నింపా. అయినా గ్రీసు దాకా ఏంటి కుమే, పిచ్చా?"

"సరిహద్దు దాకా."

అతను నవ్వలేదు. తాళాల కోసం జేబు తడుముకున్నాడు, తీయలేదు. నేను అవతలి గుమ్మం దాకా వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. రెండు ఫోనులు పక్కపక్కన పెట్టి చూశాం. రెండింట్లోనూ చుక్క ఒకేచోట ఉంది, కదలకుండా.

నా గిరాకీ నా వెనకాలే వీధి దాటి వచ్చేశాడు.

"ఇంతకీ మీ ఇద్దరిలో పొగగొట్టం మోచెయ్యి ఊరికే ఇచ్చేదెవరు?" అని అడిగాడు.

మేమిద్దరం తల ఎత్తలేదు.